ఊ కొట్టడం ఆగిన చోట

2016 జూలై 13, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. వాన ఒంటిగంటన్నరకే ఆగింది; మబ్బు వీడలేదు, గాలి లేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా మెట్రో పనుల కోసం తవ్విన గుంటలన్నీ నిండి ఉన్నందువల్ల నేను ఆటో దిగి, చివరి రెండు సందులు నడిచి, పది నిమిషాలు ఆలస్యంగా పాఠశాలకు చేరాను. ఆ ఆలస్యం వల్లనే అక్కడి గ్రంథాలయం చూసే మానస పనిచేసే తీరు నా కంటపడింది. వేళకు వెళ్ళి ఉంటే ఆమె లేచి నిలబడి, పుస్తకాల పట్టిక నా చేతికిచ్చి ఊరుకునేది.

నన్ను పిలిచినది ఆ పాఠశాల కరస్పాండెంటు విజయేందర్ గారు. విశ్వవిద్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన నేను, మూడు నుంచి ఏడో తరగతి వరకు చదివే పిల్లలకు అరవై కథల పుస్తకాలు ఎంపిక చేయాలి. ప్రచురణకర్తలు పంపిన నూట నలభై నమూనా పుస్తకాలు గ్రంథాలయం గదిలో ఉన్నాయి. పిల్లలు దసరా సెలవులలోగా తమంతట తాము పుస్తకాలు ఇంటికి తీసుకువెళ్ళకపోతే ఆ గదిని ఐఐటీ ఫౌండేషన్ తరగతికి ఇచ్చేస్తామనీ, గ్రంథాలయం చూసే మానసను కింద ఫోన్లు ఎత్తే కౌంటరులో కూర్చోబెడతామనీ ఆయన ముందే తేల్చి చెప్పారు. మానసది ఎర్రగడ్డ. ఇరవై తొమ్మిదేళ్ళు ఉంటాయి. గ్రంథాలయ శాస్త్రం చదివిన ఆమెకు, ఆ చదువుకు తగ్గట్టు దొరికిన మొదటి గది అది.

నేను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె చాప మీద కూర్చుని పైకి చదువుతోంది. ఎదురుగా పదిహేను మంది అయిదో తరగతి పిల్లలు, వాక్యానికొకసారి ఊఁ కొడుతున్నారు.

"ఇదేంటమ్మా, బడిలో ఊ కొట్టిస్తున్నావు?" అన్నాను.

"మా నాయనమ్మ గట్లనే చెప్పేది మేడమ్. ఊ కొట్టకుంటే కథ ఆపి పండుకునేది. నేను సుత గదే షరతు పెట్టిన. ఒక్కో పుస్తకం మూడే పేజీలు చదువుత. మంచిదో కాదో ఆడికే ఎరుకైతది."

"ఎవరు చెబుతారు?"

"వీళ్ళే."

ఆ జవాబు నాకెంతో నచ్చింది. నచ్చినందువల్లనే దాని అర్థం ఏమిటని మళ్ళీ అడగలేదు. పొరపాటు అక్కడ మొదలయింది. రోజుకు రెండు పీరియడ్ల చొప్పున ఎనిమిది రోజులు ఒక మూల కుర్చీలో కూర్చుని, పుస్తకానికొక పేజీ కేటాయించి, ప్రతి ఊకీ ఒక గీత గీశాను. ధర్మాత్ముడైన రాజు, వినయవంతుడైన యువరాజు ఉన్న పుస్తకానికి నలభై ఒక్క గీతలు వచ్చాయి. అదే రోజు అదే పిల్లలకు చదివిన మరో పుస్తకంలో, అపార్టుమెంటు లిఫ్టులోకి ఒక పిల్లి దూరుతుంది. దానికి వచ్చినవి ఆరు, అవి కూడా మొదటి పేజీలోనే. ఆ తర్వాత గది నిశ్శబ్దం. నలభై ఒకటి ఆరు కంటే ఎక్కువన్న సంగతిలో సందేహమేమీ లేదు కనుక, నేను గీతల ప్రకారం అరవై పుస్తకాల జాబితా రాసి, సంతకం చేసి, జూలై 22 శుక్రవారం నాడు విజయేందర్ గారికి అందజేశాను.

సోమవారం ఉదయం నేను పాఠశాలకు వెళ్ళగానే మానస ఆ జాబితా నకలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"తప్పు పట్టకుండ్రి మేడమ్. గీ లిస్టు తలకిందులున్నది."

"లెక్క సరిచూశానమ్మా."

"లెక్క కరెక్టే. ఊ ఎందుకు ఆగిందో సుత చూడాలె గద."

"విసుగు పుడితే ఆగుతుంది. నిద్ర వచ్చినా ఆగుతుంది."

"నిద్రొస్తే మెడ వాలుతది మేడమ్. పిల్లి కథ కాడ ఒక్కరి మెడ వాలలే. అందరు జరిగి జరిగి నా మీదికొచ్చిండ్రు." ఆమె నకలు నా చేతిలో పెట్టి, "నా మాట పక్కకు పెట్టుండ్రి. పింకీని పిలుస్త, మీరే అడుగుండ్రి" అంది.

పింకీ అంటే ఆ పదిహేను మందిలో అందరికంటే బిగ్గరగా ఊ కొట్టిన పిల్ల.

"రాజు కథలో ఏం జరిగిందే పింకీ?" అని అడిగాను.

"రాజు ఉంటడు మేడమ్."

"తర్వాత?"

"మంచిగనే ఉంటడు."

"మరి అన్నిసార్లు ఊ కొట్టావు?"

"కొట్టకుంటే మిస్ కథ ఆపేస్తది. ఆపితే లెక్కల సార్ వచ్చి మమ్మల్ని తీస్కపోతడు."

"పిల్లి కథ?"

"గా పిల్లి నాలుగో అంతస్తుల ఎక్కింది మేడమ్. చేపల సంచి ఉన్న ఆంటీ ఎనక దూరింది. ఆంటీ దిగింది, పిల్లి దిగలే. గప్పుడే కరెంటు పోయింది. మిస్ గాడనే ఆపింది." పిల్ల నా మోకాలి దగ్గరికి జరిగింది. "మీరు మొత్తం చదివిండ్రా? బయటికొస్తదా?"

నేను నోరు తెరిచేలోగా మానస అంది: "చెప్పకుండ్రి మేడమ్."

ముప్పై ఒక్క సంవత్సరాలు కథా నిర్మాణాన్ని బోధించిన నాకు, వినేవాడు ఊ కొట్టడం మరచిపోయే చోటే కథ అతణ్ణి పట్టుకుందన్న సంగతి తెలియకపోలేదు. గీతలు గీసే పనిలో పడి వదిలేశాను. ఆమె మాత్రం చదువుతూనే పదిహేను మెడలను గమనించింది.

పిల్లి పుస్తకం తీసుకుని, మెట్లు దిగి విజయేందర్ గారి గదికి వెళ్ళాను.

"అయ్యో మేడమ్, గిప్పుడే ఆర్డర్ పంపిస్తున్న. మీరే సంతకం పెట్టిండ్రు గద."

"నేనే కొట్టేస్తున్నాను. మానస చేత కొత్త జాబితా రాయించుకోండి."

"గా పిల్లి కథల నీతేమున్నది? పేరెంట్స్ అడుగుతరు."

"మూడు పేజీలు చదవండి, విజయేందర్ గారూ. తర్వాత మాట్లాడుకుందాం."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. నడుమ ఫోను మోగింది. ఆయన చూడకుండానే దాన్ని బోర్లించారు. నాలుగో పేజీ తిప్పుతుంటే, "మూడు అయిపోయాయి" అన్నాను.

"జర ఆగుండ్రి మేడమ్" అన్నారు.

అలా ఆమె జాబితా వెళ్ళింది. అందులో రెండిటికి బదులు మాత్రం, భాష బాగుందన్న కారణంతో, వేరే రెండు నేను పట్టుబట్టి చేర్పించాను.

పుస్తకాలు ఆగస్టు మొదటి వారంలో వచ్చాయి. మానస అన్నిటికీ ఒకే రకం ఖాకీ కాగితంతో అట్టలు వేసింది. పేర్లు రాసింది కాని, ఏ పుస్తకం మీదా తరగతి అంకె వేయలేదు.

"మూడో తరగతివి ఏవో, ఏడో తరగతివి ఏవో పిల్లలకెలా తెలుస్తుంది?" అన్నాను.

"తెల్వద్దనే మేడమ్. ఏడో క్లాసుల కొందరికి తెలుగు కూడబలుక్కుని చదువుడే వస్తది. పెద్దక్షరాల పుస్తకమే వాళ్ళకు ఇష్టం. అంకె ఏస్తే సిగ్గుతోని ముట్టరు. అట్ట ఒక్కటే ఉంటే, లోపట ఏమున్నదో వాళ్ళకే ఎరుక."

సెప్టెంబరులో, తన ఎత్తుకు పొట్టిదైన బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని దుర్గేష్ అనే ఏడో తరగతి విద్యార్థి పెద్దక్షరాల పుస్తకమొకటి పూర్తి చేసి, తమ్ముడికోసమని చెప్పి రెండోది అడగడం చూశాను. మానస రిజిస్టరులో అతని పేరే రాసుకుని, "తమ్మునికి ఎట్లున్నదో రేపు చెప్పు" అంది. మర్నాడు అతను చాలాసేపు చెప్పాడు.

సెలవులకు ముందురోజు విజయేందర్ గారు స్వయంగా పైకి వచ్చి అలమరలు తెరిచారు. అరవై పుస్తకాల్లో యాభై ఎనిమిది ఇళ్ళకు వెళ్ళాయి. మిగిలిన రెండూ నేను పట్టుబట్టి చేర్పించినవే. మానస అలమర తలుపు మూసేసింది. గది ఆమెకే ఉంచారు; ఫౌండేషన్ తరగతికి మేడ మీద రేకుల షెడ్డు వేయించారు.

2023 జూన్‌లో ఆ యాజమాన్యం యూసుఫ్‌గూడ శాఖలో కూడా గ్రంథాలయం తెరిచి, రెండు చోట్లా పుస్తకాల ఎంపికను మానసకే అప్పగించింది.