దూది పరుపు

మా ల్యాబ్‌లో ఎలుకలకి కాలేయపు పురుగు ఎక్కించి, వాటి రక్తంలో ఎంజైమ్ ఎలా మారుతుందో చూడటం నా పని. పురుగు కాలేయాన్ని తొలిచేకొద్దీ ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది, అంకె పెరుగుతుంది. కొన్నిట్లో ఉన్నట్టుండి పడిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళు నయమైపోయిందని సంబరపడితే నాకు ఒళ్ళు మండుతుంది. చెవులు పచ్చబడి, తిండి మానేసిన ఎలుకలో అంకె పడిందంటే, కారడానికి కాలేయంలో ఇంకేమీ మిగల్లేదని అర్థం. అలాంటిదాన్ని రంపపు పొట్టు మీంచి తీసి, దూది పరిచిన వేరే బోనులో పెడతాం. రూలేం కాదు, మా మనసు ఊరుకోక.

ఈ కబుర్లన్నీ అక్కతో చెప్పేదాన్ని. ఎలుకలకి సేవలు చేసీ చేసీ నీకూ మీసాలొస్తాయే అని ఏడిపించేది. అలాంటి మనిషికి అలాంటి పురుగే పట్టింది. తెలిసేసరికే ఆలస్యమైపోయింది. ఎవరి మీదో తెలియదు గానీ, నాకు చచ్చేంత కోపం.

ఇవాళ మధ్యాహ్నం బావ రిపోర్టు పట్టుకుని గుమ్మంలోంచే చెప్పుకుంటూ వచ్చాడు. ఎంజైమ్ మామూలుకొచ్చేసిందట. సాయంత్రం డాక్టరమ్మ తనే ఇంటికొచ్చి మాట్లాడతానందట. ఎందుకొస్తానందో ఆయనకి తట్టనే లేదు. అక్క కళ్ళు పచ్చగానే ఉన్నాయి. నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు. బావ మొహం చూశాక నాకు నోరు పెగల్లేదు.

చేతులు మాత్రం ఊరుకోలేదు. అక్క కింద ఉన్న గట్టి పరుపు లాగేసి, నా గదిలోని దూది పరుపు తెచ్చి వేశాను. నేనూ సంతోషంలో ఉన్నాననుకుని, బావ జావ కాస్తానంటూ వంటింట్లోకి వెళ్ళాడు.

అక్క అరచేత్తో పరుపు నిమిరింది.

"దూదేనా?" అంది.

అప్పటికి గానీ నేనేం చేశానో నాకే తెలియలేదు. నడుం నొప్పెడుతుందేమోనని, అంటూ ఏదో గొణిగాను. అబద్ధమాడటం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు.

"మీ బావకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపాను.

"ఈ పూటకి చెప్పకే. ఎన్నాళ్ళకో ఈల వేస్తున్నాడు."

నిజంగానే వంటింట్లోంచి ఈల వినిపిస్తోంది. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. బావ గిన్నెతో వచ్చి, పిచ్చిపిల్లా, ఇంకా ఏడుపెందుకని నన్ను కసిరాడు. అక్క లేచి కూర్చుని గిన్నె అందుకుంది. ఒక్కో గుక్కా కష్టపడి మింగుతూ మొత్తం తాగేసింది.

"చూశావా, ఆకలి కూడా పుట్టింది," అన్నాడు బావ నాతో.