మొహం చూసుకోకుండా పోయిన సారు

పొద్దున్నే షట్టరెత్తి, నిన్నటి జుట్టు ఊడ్చి, కుర్చీని ఒక దులుపు దులిపితే ఆ సెలూన్‌కి తెల్లారినట్టు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో తెర. షాపులో పెద్దద్దం కాస్త నిదానం. ఎదురుగా జరిగిందాన్ని ఒక కటింగ్ పట్టేంతసేపు ఆగి చూపిస్తుంది. వీధిలో అందరికీ అలవాటే. పనయ్యాక బెంచీ మీద టీ తాగి, లోకాన్ని నాలుగు తిట్టి, తమ తల అద్దంలోకి వచ్చాక చూసుకుని లేచేవాళ్ళు.

సెలూన్ ఆయన కూతుర్ని వీధంతా పోలీసు అంటారు. పాలవాడు నవ్వాడంటే ఆ రోజు నీళ్ళు ఎక్కువ కలిపాడని లెక్కేసే రకం.

ఇప్పుడామె ముందు రెండు దరఖాస్తులున్నాయి. తెల్లది కాలేజీ కౌంటర్లో ఇచ్చిన ఫీజు మాఫీ ఫారం. నీలంది, ఫీజుకి సాయం ఇప్పిస్తానంటూ, నురగ మొహంతో కుర్చీలో కూర్చున్న కాలేజీ సీట్ల కన్సల్టెంట్ తెచ్చింది. కాలేజీలో ఒకరి దగ్గర ఒకటే తీసుకుంటారు. సాయంత్రంతో గడువు ఆఖరు. తప్పుది పెడితే కాలేజీ మాట మర్చిపోవడమే.

"తెల్లదాంట్లో మన పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతున్నారు నాన్నా. ఊరికే ఇచ్చేవాళ్ళకి ఇన్ని ఆరాలెందుకు?"

"అయితే నీలందే పెట్టు. ఒక్క సంతకంతో పోతుంది."

"ఏం పోతుందోననే నా భయం."

కన్సల్టెంట్ నురగలోంచే నవ్వాడు. "నీ మొగుడు రోజూ రసీదు పట్టుకుని ఇంటికి రావాలి పాపా!"

"డబ్బు తిరిగి కట్టక్కర్లేదుగా సార్? ఇటు చూసి చెప్పండి."

"గెడ్డం గీస్తుంటే తల తిప్పకూడదమ్మా. ఇది సాయం. సాయాన్ని ఎవరైనా తిరిగి అడుగుతారా?"

షేవింగ్ అయిపోయింది. ఆమె ఫొటోల కోసం తెర వెనక్కి వెళ్ళింది. నాన్న బ్రష్షు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ వచ్చేసరికి కన్సల్టెంట్ లేచి నిలబడి ఉన్నాడు. నీలం ఫారం నాన్న చేతిలో పెట్టాడు.

"సంతకం చేసి ఉంచండి. పక్క వీధిలో ఇంకో పిల్లాణ్ణి చూసొచ్చి పట్టుకెళ్తా."

"ఆగండి సార్, మీరింకా అద్దంలోకి రాలేదు. మొహం చూసుకుని వెళ్ళండి," అన్నాడు నాన్న.

"మీ చేతి మీద నమ్మకం!" అంటూ మెట్లు దిగేశాడు.

"గెడ్డం గీయించుకుని మొహం చూసుకోకుండా పోయేవాణ్ణి ఎక్కడైనా చూశావా నాన్నా?"

"పనుండదా మనిషికి?" ఆయన పెన్ను మూత తీశాడు.

"ఆయన అద్దంలోకి వచ్చేదాకా ఆగు."

ఆయన గొణుక్కుంటూ పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు.

కాసేపటికి కన్సల్టెంట్ అద్దంలోకి వచ్చాడు. అద్దంలో కూతురు తెర వెనక్కి పోయింది, తండ్రి కుళాయికి పోయాడు. కన్సల్టెంట్ వెనక్కోసారి చూసి, నీలం ఫారం పిన్ను ఊడదీసి, చివరి కాగితం లాగాడు. అచ్చు పైకి కనపడేలా మడిచి జేబులో దోపుకున్నాడు. అద్దంలో అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అయితేనేం, వెనక బెంచీలో కూర్చుని, కుర్చీలో వాళ్ళు పట్టుకున్న పేపర్ని అద్దంలోనే చదువుతూ పెరిగిన పిల్ల ఆమె.

"మొదటి నెల నుంచే వడ్డీ," అని పైకి చదివింది. "కట్టకపోతే తండ్రి షాపు జప్తు."

నాన్న చెవి మీది పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

తెల్ల ఫారంలో అడిగినవన్నీ రాసింది. గదులెన్ని, సంపాదన ఎవరిది, అమ్మ ఎప్పుడు పోయింది. మధ్యలో తలెత్తింది. "ఇన్ని అడిగేది నిజంగా ఇవ్వడానికేనంటావా?"

"ఏమో. అడిగేదేదో మొహం మీదే అడుగుతోందిగా."

కన్సల్టెంట్ తిరిగొచ్చేసరికి నాన్న ఒక్కడే కుర్చీ తుడుస్తున్నాడు. అద్దంలో మాత్రం పోలీసు బల్ల మీద వంగి రాస్తోంది. కన్సల్టెంట్ గిర్రున వెనక్కి తిరిగాడు. బల్ల దగ్గర ఎవరూ లేరు.

"ఏదీ మీ అమ్మాయి?"

"ఈపాటికి కౌంటర్ దగ్గరుంటుంది."

"అయ్యో, చెడగొట్టుకున్నారే! నన్నో మాట అడగొద్దూ?"

"మీరు మొహం చూసుకోకుండా పోయారు సార్," అన్నాడు నాన్న. "మేం చూశాం."

కన్సల్టెంట్ చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. అద్దంలో పోలీసు రాయడం ఆపి తలెత్తింది.

ఫీజు మాఫీ అయిందని కాలేజీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు కూడా ఆమె నమ్మలేదు. దాన్ని అద్దానికి ఎదురుగా పట్టుకుని, ఒక కటింగ్ పట్టేంతసేపు కదలకుండా కూర్చుంది.