తుడిచిన ఇల్లు

"ఏటే బిందూ, ఇదేటి తుడిసినట్టా?" అంటూ దేముడమ్మ టీవీ మీద రాసిన వేలిని తెచ్చి కోడలి ముక్కు ముందు పెట్టింది. వేలి కొస నల్లగా ఉంది. హిమబిందు తుడిచి గంట కాలేదు. ఆ మాట పైకి అంటే "గంటలో ఇంత పడిపోద్దేటి?" అన్న దగ్గర మొదలై పుట్టింటి పెంపకం దాకా సాగుతుందని తెలుసు గనక, గుడ్డ తడిపి మళ్ళీ తుడిచింది. ఆ వీధి పోర్టు పక్కనే, ఓ ప్రైవేటు కంపెనీ బొగ్గు యార్డును ఆనుకుని ఉంది. గాలి ఇటు తిరిగిందంటే చాలు, కంచాల మీద, దుప్పట్ల మీద, దేవుడి పటాల మీద నల్లటి పొడి వచ్చి కూర్చుంటుంది. పద్మనాభం అనే పల్లె నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో తలగడ మీద నలుపు చూసి తన కాటుకే అంటుకుందనుకుని, సిగ్గుపడి కాటుక మానేసింది. అది కాటుక కాదని తరవాత తెలిసింది. అయినా మళ్ళీ పెట్టుకోవాలనిపించలేదు.

ఆ యార్డులోనే ఆమె మొగుడు సాయిశంకర్ కాంట్రాక్టు ఉద్యోగి. "మనకి బువ్వెట్టేదే ఆ బొగ్గు. దాన్ని తిట్టకే," అంటాడు. యార్డును రెట్టింపు చేస్తారట. చేస్తే ఇతన్ని పర్మనెంటు చేస్తామని సూపర్‌వైజరు మాటిచ్చాడు. అప్పట్నుంచి మనిషి కాలు నేల మీద నిలవడం లేదు. ముందస్తుగా తెల్లచొక్కాలు కూడా కొనేసుకున్నాడు. ఉతికేది ఎవరో అతనికి తెలుసు, మనకీ తెలుసు. అతను పర్మనెంటు కావాలని హిమబిందుకూ ఉంది. ఆ బొగ్గు అక్కణ్ణుంచి కదిలిపోవాలనీ ఉంది. రెండూ ఒక్క మనిషిలోనే ఎలా ఉంటాయో ఆమెకు అర్థం కాదు.

అర్థం కాకపోవడానికి ఇంకో కారణం ఆమె ఉద్యోగం. సీతమ్మధారలో భీమశంకరరావు గారి ఆఫీసులో టైపింగూ, తర్జుమాలూ చేస్తుంది. ఇలాంటి ప్రాజెక్టు వస్తే ఢిల్లీలో మంత్రిత్వశాఖ వాళ్ళు గాలికీ, నీటికీ, చెట్టుకీ, చేపకీ ఏమవుతుందో తూచి చూస్తారు. త్రాసులో ఓ పక్క ఉద్యోగాలు, రాబడి. ఇంకో పక్క నష్టాలు. ఆ నష్టాలు ఎంత బరువో చెప్పే నివేదిక భీమశంకరరావు గారు తయారుచేస్తారు, ఆయనకు ఫీజు యార్డు వాళ్ళు ఇస్తారు. చిత్రమే గానీ పద్ధతి అదే. ఈ యార్డు నివేదికంతా హిమబిందు చేతుల మీదుగానే టైపయింది. అందులో తీరానికి వచ్చి గుడ్లు పెట్టే తాబేలుకు ఒక అధ్యాయం ఉంది. చలికాలంలో వచ్చిపోయే కొంగలకు నాలుగు పేజీలున్నాయి. ఆమెకు తాబేలు మీద కోపం లేదు. పాపం, దాని తరఫున అడిగేవాళ్ళూ ఎవరో ఉండాలి కదా. తన వీధి ఎక్కడుందా అని మాత్రం రెండుసార్లు వెతుక్కుంది.

"సార్, ఇళ్ళల్లో పడే మసి రాయలేదండి," అంది ఒకరోజు ధైర్యం చేసి.

"రాశామమ్మా. అదనంగా కొనే సబ్బు వేశాం. పనిమనుషుల జీతం కూడా వేద్దామనుకున్నాం, ఆ వీధిలో ఎవరూ పెట్టుకోలేదు. డబ్బు ఖర్చయితేనే నష్టం కిందికి వస్తుంది."

"పనిమనిషి లేకపోయినా తుడుస్తారు కదండీ?"

"ఎవరు?"

"ఆడవాళ్ళు."

"వాళ్ళు ఎలాగూ తుడుస్తారు కదమ్మా," అన్నారు భీమశంకరరావు గారు. మంచాయనే, కసురుకోలేదు. కాస్త టీ పెడతావా అని కూడా నవ్వుతూనే అడిగారు.

టీ మరుగుతుంటే ఆ 'ఎలాగూ' ఆమెను పట్టుకుంది. నిజమే కదా. పద్మనాభంలో అమ్మ మాత్రం తుడవలేదా? అక్కడ పొలం నుంచి కాళ్ళతో వచ్చిన మట్టి, ఇక్కడ గాలితో వచ్చిన మసి. యార్డు లేకపోయినా తను తుడిచేదే. మరి ఎంతవరకు ఎలాగూ, ఎక్కణ్ణుంచి అదనం? ఈ తుడవడంలో బొగ్గు వాటా ఎంత, పెళ్ళి వాటా ఎంత? ఒకవేళ ఢిల్లీ వాళ్ళు బొగ్గు వాటా కట్టి ఇచ్చినా, ఆ రెండోది ఎవర్ని అడగాలి? ఆలోచనలో పడి టీ పొంగించుకుంది. స్టవ్ కూడా తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆ తరవాత కొద్దిరోజులకు, మంత్రిత్వశాఖ వేసిన కమిటీ స్వయంగా వచ్చి ఇళ్ళు చూస్తుందని కబురొచ్చింది. వాళ్ళు ఎంచుకున్న ఇళ్ళలో హిమబిందు ఇల్లూ ఉంది. భీమశంకరరావు గారు తలుపు దగ్గరగా వేసి, "అది నీ ఇల్లని మాత్రం బయటపెట్టకమ్మా. మనమే కావాలని జాబితాలో పెట్టించామంటారు. తర్జుమాకు నువ్వే రావాలి, హిందీ వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారు? మీ అత్తగారికి కూడా చెప్పి ఉంచు," అన్నారు. తల ఊపింది. తల ఊపడం ఆమెకు బాగా అలవాటైన పని.

ఇక ఆ వీధి సంబరం చూడాలి. ఢిల్లీ నుంచి పెద్దోళ్ళు ఇళ్ళకొస్తున్నారంటే ఊరుకుంటారా! పక్కింటి రత్నమణి గోడలతో సహా కడిగేసి, చర్చికి కట్టే పట్టుచీర తీసింది. ఎదురింటి చిట్టెమ్మ గుమ్మానికి పసుపు రాసింది. "బేగి లేవే, ఆళ్ళొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాల. పరువు తీసెయ్యకు," అని దేముడమ్మ తెల్లారకముందే కోడల్ని లేపింది. వాళ్ళొచ్చేదే మసి చూడ్డానికని ఆ వీధి మొత్తంలో గట్టిగా తెలిసినది హిమబిందు ఒక్కతికే. ఆ తెలిసిన మనిషే కిటికీ చువ్వల దగ్గర్నుంచి ఫ్యాను రెక్కల దాకా రుద్ది రుద్ది తుడిచింది. ఎందుకు తుడుస్తున్నానని మధ్యలో తనను తనే అడిగింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఇంటికి ఎవరైనా వస్తుంటే దుమ్ముతో వదిలెయ్యడం ఆమెకు చేతకాలేదు, అంతే. తరవాత స్నానం చేసి, మెళ్ళో ఆఫీసు కార్డు వేసుకుని, ఎవరింటికో వస్తున్నట్టు కమిటీ వెంట తన ఇంటికి తనే వచ్చింది.

కమిటీలో పెద్ద ఒక నెరిసిన జుట్టు మేడమ్. హిందీలో మెల్లగా, మర్యాదగా అడుగుతోంది. ఇంట్లో ఎవరెవరుంటారంది.

"నానూ, మా అబ్బాయీ, కోడలూనండి," అంది దేముడమ్మ. "అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు. కోడలు ఆఫీసుకెల్లింది." చెప్పింది చెప్పినట్టు, కోడలి మొహంలోకి చూస్తూ, రెప్ప వెయ్యకుండా అంది.

"కోడలు ఇంట్లో లేదట మేడమ్," అని హిమబిందు హిందీలో చెప్పింది.

బొగ్గు దుమ్ము లోపలికి వస్తుందా అని అడిగితే దేముడమ్మకు రోషం వచ్చింది. "మా ఇంట్లో మసేటండి! సూడండి, మీరే సూడండి." మేడమ్ తెల్లటి కాగితం రుమాలు తీసి టీవీ మీద రుద్దింది. రుమాలు తెల్లగానే ఉంది. ఇంత శుభ్రంగా ఉంచుకోవడం మామూలు విషయం కాదని మెచ్చుకుంది. ఆ మాట విన్న హిమబిందుకు ఒళ్ళంతా సంతోషం పాకింది. కాపురానికొచ్చాక ఆమె తుడిచిన ఇంటిని ఒకరు బావుందనడం అదే మొదలు. వెంటనే ఆ సంతోషం మీద అసహ్యం వేసింది. తనకొచ్చిన ఒక్క మెప్పూ తనకే ఎదురు సాక్ష్యంగా వచ్చింది మరి. పక్కన భీమశంకరరావు గారు బాగా చేశావన్నట్టు కళ్ళతోనే నవ్వారు.

"ఇల్లు ఎవరు తుడుస్తారు?"

"కోడలేనండి."

"రోజుకు ఎన్నిసార్లు?"

దేముడమ్మ నవ్వేసింది. "అదేటండి, దానికీ లెక్కెడతారేటి? కాళీగా ఉన్నప్పుడల్లా తుడుసుకుంటాది. దానికదో సరదా."

అది కూడా తర్జుమా చెయ్యాలి. చేసింది. "ఆ కోడలికి తుడవడమంటే సరదా అట మేడమ్." తన గురించి తను అలా చెబుతుంటే, నిజంగానే అలాంటి కోడలు ఒకామె ఎక్కడో ఉందేమో, ఖాళీ దొరికితే చాలు గుడ్డ పట్టుకుని ఆనందపడిపోతోందేమో అనిపించింది. మేడమ్ నవ్వి, ఆ మాట రాసుకుంది. ఆ రాసుకున్నది ఢిల్లీ వెళుతుంది. తాబేళ్ళ పక్కన, కొంగల పక్కన ఈ వీధి ఆడవాళ్ళందరి సరదా కూడా త్రాసెక్కుతుంది, దాని బరువు ఎంత తూగుతుందో టైపు చేసిన మనిషికి తెలియదా!

మేడమ్ లేచి చెప్పులేసుకుంటూ, ఆ కోడలితో కూడా మాట్లాడి ఉంటే బావుండేది, ఎప్పుడొస్తుందని అడిగింది.

"సాయంత్రమండి. అదొచ్చినా ఇదే సెప్తాది," అంది దేముడమ్మ.

భీమశంకరరావు గారు పక్కింటికి దారి చూపిస్తున్నారు. హిమబిందు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే తన ఉద్యోగం ఉండదు. మొగుడి పర్మనెంటు పోయినా పోవచ్చు. యార్డు పెరగాలో ఆగిపోవాలో ఈ నిమిషం దేవుడొచ్చి అడిగినా తేల్చి చెప్పలేదు. భయంగా ఉంది, ఏడుపూ వస్తోంది. కానీ 'అదొచ్చినా ఇదే సెప్తాది' అన్నది మాత్రం హిందీలోకి మారనంటోంది.

"మేడమ్," అని పిలిచింది. "ఆవిడ కోడల్ని నేనే. నేను ఇంట్లోనే ఉన్నాను. మీరొస్తున్నారని తెల్లారకముందే లేచి తుడిచాను. గాలి ఇప్పుడే ఇటు తిరిగింది. కాసేపు కూర్చోండి, నేను తుడవను."