కోటు వీపున ఎర్ర దారం

తెర మీద బాణం ఆగిపోయింది. టాన్సీ ఇక్కడే, కాళ్ల దగ్గరే ఉందంటోంది చేతిలోని రిసీవర్. రత్నకుమార్ చుట్టూ చూశాడు. రాతి గోడ, తడి గడ్డి, బురదలో వ్యాను టైర్ల జాడ. కుక్క లేదు.

పక్కనున్న కాలవలోకి వంగాడు. నారింజ రంగు కాలర్ నీళ్లలో పడి ఉంది. దాని ఏరియల్ ఒక్కటే పైకి నిక్కి కనిపిస్తోంది. బద్దీని ఎవరో కత్తితో ఒక్క కోతలో తెంపారు.

రత్నకుమార్ ఎడిన్‌బర్గ్‌లో బస్సు డ్రైవర్. చలికాలం శనివారాలు ఈ లామర్‌మూర్ కొండల్లోని ఎస్టేట్‌కి వస్తాడు. వేటగాళ్ల వెనక నిలబడి, తుపాకీ దెబ్బకు పడిన ఫెజెంట్ పక్షులను కుక్కతో తెప్పిస్తాడు. టాన్సీ అతని సొంత కుక్క కాదు. అది లెయిడ్‌లా అనే ముసలాయనది. నలభై ఏళ్లు ఇవే కొండల్లో వేట కోసం పెంచే పక్షులను కాపాడిన మనిషి. కేర్ హోమ్‌లో చేరిన రోజు, అక్కడ నర్సుగా ఉన్న రత్నకుమార్ భార్య సుగుణకుమారి చేతిలో టాన్సీ తాడు పెట్టి రెండే మాటలు అడిగాడు: దీన్ని ఖాళీగా కూర్చోబెట్టొద్దు, ఆదివారం ఆదివారం నాకు చూపించాలి. ఈ మధ్య ఆయన మంచం దిగడం లేదు. ఆదివారం మాత్రం గడ్డం గీయించుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చుంటాడు.

రేపు ఆదివారం.

ఇవాళ మధ్యాహ్నం రత్నకుమార్ ఎస్టేట్ కొట్టంలోకి భోజనానికి వెళ్లే ముందు టాన్సీని తుడిచి, తడి పీల్చే కోటు తొడిగి, కారు వెనక పడుకోబెట్టాడు. గాలి ఆడాలని డిక్కీ తలుపు కొంచెం తెరిచి ఉంచాడు. సుగుణ తెచ్చిన పులిహోర తిని వచ్చేసరికి కారు ఖాళీ.

సుగుణ పరిగెత్తుకొచ్చి అతని చేతిలోని కాలర్ చూసింది.

"ఇంక దీంతో పని లేదు," అన్నాడు రత్నకుమార్. "ఆ రెండోది కట్టుంటే వ్యాను యాడికి పోయినా కనపడేది. అది ఇంట్లో డ్రాయర్లో ఉంది."

నెల రోజులు వాడి చూసి ఒకటి ఉంచుకోమని షాపువాళ్లు రెండు కాలర్లు ఇచ్చారు. ఒకటి రేడియోతో పనిచేస్తుంది. ఫోన్ సిగ్నల్ అక్కర్లేదు, కాని కొన్ని మైళ్లు దాటితే చూపదు. ఇంకోదానిలో సిమ్ ఉంటుంది. ఊళ్లలో ఎంత దూరమైనా చూపిస్తుంది, కొండల్లో గుడ్డిది. రత్నకుమార్ రేడియోదే ఎంచుకున్నాడు. రెండోది సోమవారం తిరిగి ఇచ్చేయాలి.

"డ్రాయర్లో లేదండీ. టాన్సీ కోటులో ఉంది."

"ఏంది?"

"మీరు డ్యూటీకి పోతే దాన్ని వాకింగ్‌కి తిప్పేది నేనేగా. ఆ డబ్బా మెడకి కడితే గొంతుకి కొట్టుకుంటా ఉంది. ఊడదీసి కోటు లోపల, వీపు మీద కుట్టేశా."

"నాకు చెప్పలా?"

"చెబితే ఏమంటారు? కొండల్లో సిగ్నల్ రాదు, దండగ అంటారు. నెలంతా వింటానే ఉన్నా."

అతను అప్పటికే కారు స్టార్ట్ చేశాడు.

పెద్ద రోడ్డు ఎక్కేదాకా ఫోన్‌లో ఏమీ లేదు. ఎక్కగానే మ్యాపు మీద ఎర్ర చుక్క మెరిసింది. వ్యాను ఏ-68 మీద దక్షిణానికి పోతోంది. తడి కుక్క వణికితే కొనేవాడు బేరం ఆడతాడు. అందుకేనేమో దొంగలు కోటు ముట్టుకోలేదు. సుగుణ పోలీసులకు ఫోన్ చేసి, వాళ్లు అడిగినవన్నీ చెప్పింది.

రత్నకుమార్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ నొక్కబోయాడు. "లైవ్ పెట్టు. సెకను సెకనుకీ చూపిస్తది."

"కోటులోదాని బ్యాటరీ పదకొండు శాతమే ఉంది." సుగుణ ఫోన్ వెనక్కి లాక్కుంది. "నిద్రపోయే పేషెంటుని నిమిషానికోసారి లేపి బీపీ చూస్తామా? కాసేపు వదిలేయండి."

"వదిలేస్తే వాడు తప్పించుకుపోతాడు."

"దారి ఎక్కడ చీలుద్దో మీకు తెలీదా? అక్కడ దీన్ని ఒకసారి అడుగుదాం."

అతనికి తెలుసు. కార్‌ఫ్రేమిల్ రౌండెబౌట్. అక్కడినుంచి ఒక దారి లాడర్‌కి, ఇంకో దారి కోల్డ్‌స్ట్రీమ్ మీదుగా ఇంగ్లండ్‌కి. రౌండెబౌట్ చేరగానే సుగుణ ఒక్కసారి నొక్కింది. చుక్క తిరుగుతూ, తిరుగుతూ, కోల్డ్‌స్ట్రీమ్ దారిలో నిలబడింది.

గ్రీన్‌లా దాటాక మళ్లీ అడిగితే చుక్క కదల్లేదు. మూసేసిన ఒక పెట్రోల్ బంకు వెనక ఆగి ఉంది. సుగుణ ఆ చోటు పోలీసులకు చెబుతుండగానే మ్యాపు మీద చుక్క బూడిద రంగుకు మారింది. బ్యాటరీ అయిపోయింది.

"దగ్గరికి పోవద్దంటున్నారు. వస్తున్నారంట," అంది సుగుణ.

వాళ్ల కారు బంకు గేటు చేరేసరికి వెనక తెల్ల వ్యాను ఇంజిను మోగింది.

రత్నకుమార్ ఇంకేమీ ఆలోచించలేదు. ఇరుకు వీధుల్లో రెండంతస్తుల బస్సు తిప్పేవాడికి దారి ఎలా తెరుచుకుంటుందో తెలుసు, ఎలా మూతపడుతుందో కూడా తెలుసు. కారును గేటుకు అడ్డంగా, రెండు స్తంభాల మధ్య బిగించినట్టు నిలిపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

వ్యాను ముందుకొచ్చి, బంపరు తగిలేంత దగ్గర ఆగింది. లోపలినుంచి ఎర్ర టోపీవాడు తల బయటపెట్టాడు. "తీయ్ కారు. పనికి పోవాలి."

"బండి ఆగిపోయింది, సారీ," అన్నాడు రత్నకుమార్ మర్యాదగా. "బ్రేక్‌డౌన్ వాళ్లు వస్తున్నారు."

వాడు దిగి వస్తుంటే రత్నకుమార్ మెడలోని విజిల్ తీశాడు. లెయిడ్‌లా నేర్పినట్టే రెండు పొట్టి ఊదులు ఊదాడు. వ్యాను లోపల ఒక కుక్క మొరిగింది. దాని వెంట ఇంకోటి, ఇంకోటి.

ఎర్ర టోపీవాడు ఆగిపోయాడు. దూరం నుంచి సైరన్ వినిపించింది.

కానిస్టేబుల్ వ్యాను తలుపు తెరిచింది. ఐదు కుక్కలు. "అన్నీ నావే," అన్నాడు ఎర్ర టోపీవాడు.

"ఆ చిన్న గోధుమరంగుదాని కోటు తిప్పి చూడండి మేడమ్," అంది సుగుణ. "లోపల ఎర్ర దారంతో కుట్టు ఉంటుంది. వంకరగా ఉంటుంది. నేను కుట్టిందే."

వంకరగానే ఉంది. మిగతా నాలుగింటికి చర్మం కింది చిప్ చదివే మిషను పెడితే నాలుగు వేరు వేరు ఇళ్లు తేలాయి.

మర్నాడు మధ్యాహ్నం లెయిడ్‌లా గడ్డం నున్నగా ఉంది. కథంతా విని, ఒళ్లో పడుకున్న టాన్సీ కోటును వేళ్లతో తడుముతూ కుట్టు దగ్గర ఆగాడు.

"అయితే రేపు దేన్ని తిరిగి ఇస్తున్నావు?"

"తెగిన బద్దీ మార్పించి రెండూ ఉంచుకుంటాను," అన్నాడు రత్నకుమార్. "ఇది తనంతట తను పోతే మెడలోది చూపిస్తుంది. ఎవరైనా తీసుకుపోతే వీపు మీదది."

ముసలాయన చాలాసేపు తల ఊపాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు.

"వచ్చే శనివారం నన్ను కూడా తీసుకెళ్లు. చక్రాల కుర్చీ ఉందిగా. భోజనాల టైములో డిక్కీ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి."

సుగుణ ఆ శనివారం డ్యూటీల రోటా చూసుకోవడానికి ఫోన్ తీసింది.