నీడ ముట్టాల్సిన రాయి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు యాసంగిలో, సుల్తానాబాద్ దగ్గరి ఒక ఊళ్లో చెరువు సగమే నిండింది. ఉన్న ఒక్క కాలువ మీద రాజయ్య పటేలుకూ దుర్గవ్వకూ మాఘమాసంలో తగువు పడితే పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు. తూము పక్కన నిలువెత్తు గుంజ పాతించారు. మిట్టమధ్యాహ్నం గుంజ నీడ కొస పడిన చోట చాటంత రాయి పెట్టించారు. పొద్దున్నుంచి నీడ రాయిని ముట్టేదాకా నీళ్లు రాజయ్యకు, ముట్టినాక చీకటి పడేదాకా దుర్గవ్వకు.

నీళ్లు మలిపే పని నీరటి కొమురెల్లిది. మాటంటే మాటే మనిషి. తన పెళ్లిలో ముహూర్తం దాటిపోయిందని తాళి చేతిలో పట్టుకుని మర్నాటిదాకా కూర్చున్న ఘనుడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఫాల్గుణం వచ్చేసరికి నీడ కురచైంది. రాయికి జానెడు ఇవతలే ఆగి, అట్నుంచటే తూర్పుకు తిరిగిపోయేది. నీడ ముట్టలేదు కనుక రాజయ్య వంతు ఏ రోజూ అయిపోలేదు.

దుర్గవ్వ వరి అప్పుడు కంకి తీయబోతూ పొట్ట మీదుంది. ఎనిమిది రోజులుగా తడి లేక మడి నెర్రెలు బారింది. ఇంకో రెండు రోజులు పోతే అంతా తాలే, ఏడాదంతా ఇంట్లో ఐదుగురికి పస్తులే. పెనిమిటి పోశం బొగ్గుబాయిలో పనికి పోయి దసరాకు గానీ రాడు. ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, లేచి కొమురెల్లి దగ్గరికి పోయింది.

"జర నీళ్లు మలుపు కొమురెల్లీ. పంట చస్తున్నది."

"నీడ ముట్టలే గదక్కా. ముట్టకుంట ఎట్ల మలుపుత?"

దుర్గవ్వ పోయి మొరపెట్టుకుంటే, పెద్దమనుషులు అందరినీ తూము దగ్గరికి రమ్మని, బడి సారు లక్ష్మీరాజాన్ని పిలిపించారు. సారు చేతికి గడియారం ఉంది గానీ, అది దసరా నుంచి ఒకటే సమయం చెబుతోంది. ఆయన గుంజ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"భూమి రోజుకోసారి తన సుట్టు తను తిరుగుతది. గందుకే నీడ పడమర కెల్లి తూర్పుకు జరుగుతది. ఏడాదికోసారి సూర్యుని సుట్టు తిరుగుతది, గదీ ఒక పక్కకు ఒరిగి. గా ఒరుగుడు తోటి చలికాలం పొద్దు కిందికెల్లి నడుస్తది, నీడ పొడుగైతది. ఎండలు ముదిరితే పొద్దు నెత్తిమీది కెక్కుతది, నీడ కురచైతది."

అందరూ బుద్ధిగా విన్నారు. రాజయ్య మరీ బుద్ధిగా విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ సారు. భూమి ఒరిగితే ఒరగనీ. రాయైతే జరగలే గదా?"

జరగలేదని అందరూ ఒప్పుకున్నారు.

దుర్గవ్వ అడిగింది. "సారూ, కురచైనా గానీ, మిట్టమధ్యాహ్నం నీడ రాయి దిక్కే ఉంటదా?"

"ఉంటది. నీ పంట కోసేదాక పొడుగే మారుతది, దిక్కు మారది."

ఆమె పెద్దమనుషుల వైపు తిరిగింది. "రాయి సంగతి చెప్పిండ్రు, నీడ సంగతి చెప్పిండ్రు. గుంజ ఎంత పొడుగుండాల్నో చెప్పిండ్రా?"

కొమురెల్లి ఆ రోజు తీర్పంతా మొదటి నుంచి గుర్తు చేసుకుని, చెప్పలేదన్నాడు. దుర్గవ్వ ఇంటికి పోయి, చిక్కుడు పందిరికున్న వెదురుబొంగు పీక్కొచ్చి గుంజ కొసకు కట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కాకముందే రాజయ్య వచ్చి, రాయి మీద తువ్వాల పరుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పొడుగాటి నీడ మెల్లగా జరిగి జరిగి పటేలు వీపు మీద పడింది.

"ముట్టింది నన్ను. రాయిని కాదు," అన్నాడు రాజయ్య కదలకుండా.

కొమురెల్లి పటేలును చూశాడు, రాయిని చూశాడు, తల గోక్కున్నాడు. చాలాసేపు ఆలోచించి పార అందుకున్నాడు.

"రాయి మీద కదలకుంట కూసున్నది గూడ రాయి కిందికే లెక్క, పటేలా."

నీళ్లు మళ్లాయి. దుర్గవ్వ నీళ్ల వెంటే మడిదాకా ఉరికింది. నెర్రెలు గుటగుటా తాగుతుంటే గట్టు మీద కూలబడి మళ్లీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.