డొంబురు పేరున ఉన్న ఇల్లు

నేను ఒక కొండ ఇంటిని. పాడేరు దాటి, బస్సు ఆగిపోయే చోటు నుంచి ఇంకా పైకి, కాఫీ తోటల మధ్య మట్టిగోడలతో, పెంకుల కప్పుతో ఉంటాను. ముచ్చటగా ఉంటానట. వచ్చినవాళ్ళంతా ఫోటోలు తీసుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతూ ఉంటుంది.

నన్ను కట్టించింది విశాఖపట్నం కంట్రాక్టరు జోగారావు. మట్టి తొక్కిందీ, దూలాలు మోసిందీ ఈ ఊరి డొంబురు, అతని భార్య సుక్రి. ఏజెన్సీలో కొండవాళ్ళ భూమి మైదానం వాళ్ళు కొనకూడదు. అందుకని జోగారావు నన్ను డొంబురు పేరున పెట్టాడు. ఎవరైనా ఆఫీసరు విచారణకు వస్తున్నాడని తెలిస్తే చాలు, ముందురోజే కారేసుకుని వచ్చి పాఠం చెప్పేవాడు. ఇల్లెవరిదని అడిగితే నాదే అనాలి, తడబడకూడదు. డొంబురు తడబడేవాడు కాదు. ఆఫీసరు కొండ దిగగానే నాకు తాళం వేసి తన పాకలోకి పోయేవాడు. సిగ్గు లేకపోతే సరి! నాకు ఇద్దరి మీదా కోపమే.

వేసవి సెలవులకు కుటుంబం దిగేది. జోగారావు భార్య రత్నమణికి పల్లె పద్ధతులంటే మహా మోజు. గోడకు విల్లంబులు తగిలించింది, పొయ్యి పక్కన కుండలు పేర్పించింది. ఆ పొయ్యి మాత్రం ఒక్కనాడూ వెలిగించనివ్వలేదు, గోడలు మసిబారతాయని. సుక్రి గడప దాటితే, పరుపుల వైపు పోవద్దని కేకేసేది.

మొన్నటి వానలకు డొంబురు పాక కూలింది. అదే పూట అతని కూతురు బొద్రికి నొప్పులు మొదలయ్యాయి. కొండ దిగువన వాగు, అదే గెడ్డ, పొంగి ఆసుపత్రికి దారి తెగింది. ముగ్గురూ తడుస్తూ నా వరండాలోకి వచ్చారు. తాళంచెవి డొంబురు మొలతాడుకే ఉంది. అయినా ఆ మహానుభావుడు ఫోను పట్టుకుని చూరు కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు, సిగ్నలు దొరికితే జోగారావును అడుగుదామని! లోపల మంచాలన్నీ ఖాళీ. బయట గచ్చు మీద పిల్ల మెలికలు తిరిగిపోతోంది. నాకు చేతులుంటే అతని చెంప పగలగొట్టేదాన్ని.

సుక్రి మొగుడి మొలతాడు పుటుక్కున తెంపి తాళం తీసింది. పొయ్యి వెలిగించి నీళ్ళు కాచింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది.

గెడ్డ కాస్త తగ్గగానే, వానలకు ఇల్లేమైందో చూసుకుందామని జోగారావు వచ్చాడు. మసి పట్టిన గోడ చూశాడు, మరకలైన పరుపు చూశాడు. తల్లినీ బిడ్డనూ తక్షణం బయటికి పంపమన్నాడు. ఈ వానలో ఎక్కడికని సుక్రి అడిగితే, అది తనకనవసరం అన్నాడు. తర్వాత డొంబురు మీదికి వెళ్ళాడు.

"ఎవరిల్లనుకున్నావురా ఇది?"

డొంబురు మంచం మీది మనవరాలిని చూశాడు.

"నాదే బాబూ."

జోగారావు మొహం కందగడ్డలా అయింది. పోలీసుల దగ్గరికి పోతానన్నాడు గానీ, అంటూనే చల్లబడ్డాడు. పోయి ఏమని చెప్పుకుంటాడు? కొండవాళ్ళ నేల మీద దొంగచాటుగా ఇల్లు కట్టుకున్నానని చెప్పుకుంటాడా? పరుపు పాడైందని గొణుక్కుంటూ కారెక్కాడు.

నా కోపం తీరిందనుకోకండి. ఆ మాట జోగారావు మొహం మీద అనడానికి డొంబురుకు ఇన్నేళ్ళు పట్టిందే అని ఇప్పటికీ ఉడికిపోతాను. అతను ఆ రోజు కూడా, కారు మలుపు తిరిగేదాకా, చేతులు కట్టుకుని వరండాలోనే నిలబడ్డాడు. సుక్రి అతన్ని రెక్క పట్టుకుని లోపలికి లాగి, తలుపు మూసి, గడియ వేసింది.