అట్టకొండ వెనక గొంతు

మా నాటకంలో గజదొంగకి ముఖం అక్కది, గొంతు నాది. నలభై నిమిషాల పాటల నాటకం. మందపాటి ముసుగులోంచి పాట బయటికి రాదని, అక్క వేదిక మీద కత్తి తిప్పుతుంటే నేను అట్టకొండ వెనక స్టూలు మీద కూర్చుని మైకులో పాడతాను. వాయిద్యాలు మా బావ సౌండు పెట్టెలోంచి వస్తాయి. చరణాల మధ్య వాయిద్యాలు మోగేటప్పుడు నా నోరు ఊరుకోదు, ఏదో ఒకటి వాగుతుంటాను. ఆటలో అయితే మైకు ఆపేసుకుంటాను, రిహార్సల్లో ఆ జాగ్రత్త ఉండదు.

ముప్పై ఆటలాడాం. ఆట కాగానే జనం అక్కని చుట్టుముట్టి "ఏం గొంతమ్మా!" అంటారు. అక్క ముసిముసిగా నవ్వుతుంది. నేను మైకు తీగలు చుట్టుకుంటాను.

ఈ మధ్యాహ్నం ఆఖరి ఆట. చివర్లో దొంగ ఒకసారి కొండ వెనక్కి వచ్చి, తిరిగి వెళ్ళి, ముసుగు తీసి, తాను న్యాయాధికారి కూతురినని పాడుతుంది. ఆ ఒక్క పాటకి అక్క బదులు నేను వెళ్ళాలి. నాలుగు రోజుల కిందట రిహార్సల్లో అక్క ఒప్పుకుంది. అప్పట్నుంచీ నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అక్క వెనక్కి రాగానే చెయ్యి చాపాను.

"ముసుగియ్యక్కా, టైమవుతోంది."

"వద్దులేవే. ముందు వరసలో పెద్ద నాటక కంపెనీ వాళ్ళొచ్చారు. ఇప్పుడు ముఖం మారిస్తే ఏం బావుంటుంది? తర్వాత చూద్దాం."

"ఆఖరి ఆటకి తర్వాతేంటి?"

ముసుగు సర్దుకుని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. మైకు ఆపేశాను. ఎలా పాడుతుందో చూద్దామనుకున్నాను.

అక్క ముసుగు తీసింది. పాట వచ్చింది. నా గొంతే! నేను నోరు మూసుకునే ఉన్నాను.

బావ వైపు చూశాను. చూపు తప్పించాడు. ఆ రిహార్సల్లో మైకు చూడాలని నాచేత పాటంతా పాడించింది ఈయనే. ఇద్దరూ కలిసి నా గొంతు కోశారు. నాచేతే పాడించుకుని మరీ కోశారు.

ఏదైనా మొదటి చరణం దాకా విని, "బాగుంది" అని టీకి లేచిపోయే రకం మా బావ. ఆ రికార్డూ అలాగే విన్నట్టున్నాడు. మొదటి చరణం అయ్యాక, వాయిద్యాల మధ్య నా మాటలు హాలంతా వినిపించాయి.

"అక్కా, ఆఖరి పాటకి ముసుగు నాకిస్తావు కదూ? ఒక్కసారి నేనూ కనిపిస్తాను."

"ఇస్తానే పిచ్చిదానా, నీ మీద ఒట్టు. ఇక పాడు."

బావ పెట్టె మీద పడి ఆపేశాడు. అక్క తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ముందు వరసలో ఎవరో లేచి కొండ వైపు చూస్తున్నారు. నేను బయటికి వెళ్ళొచ్చు. స్టూలు మీదే కూర్చున్నాను.

ఎంత ప్రేమగా అంది ఆ మాట! నా పాట పెట్టెలోకి ఎక్కుతోందని అక్కకి తెలుసు. ఎందుకో కూడా తెలుసు. తెలిసే ఒట్టు వేసింది.